అడగాల్సిన ప్రశ్న అడగని యాప్: గంజాం, గజపతి రోడ్ల మీద స్ట్రీట్‌కంప్లీట్

ఇచ్ఛాపురం దాటి గిరిసోల దగ్గర ఒడిశాలోకి వెళ్లే పదహారో నంబరు జాతీయ రహదారి బరంపురం పక్కనుంచి ఛత్రపురం వైపు సాగుతుంది. మధ్యలో డివైడరు, అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు. పర్లాకిమిడి నుంచి ఆర్. ఉదయగిరి మీదుగా మొహనా పోయే 326ఎ కూడా జాతీయ రహదారే. కానీ అది చాలామటుకు డివైడరు లేని కొండదారి. బోర్డు లేని చోట కారు ఎంత వేగం దాటకూడదో కేంద్రం 2018 ఏప్రిల్ 6న ఇచ్చిన నోటిఫికేషన్ చెబుతుంది: మొదటి రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు, రెండో రోడ్డు మీద 70. ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ ముప్పై తేడా నమోదు కావాలంటే ఎవరో ఒకరు రోడ్డు మీదికి వెళ్లి చూసి చెప్పాలి. అలా చెప్పడానికి చాలామంది వాడేది స్ట్రీట్‌కంప్లీట్ అనే ఫోన్ యాప్. పల్లె రోడ్లకు చక్కటి పనిముట్టు. హైవే దగ్గరికొచ్చేసరికి మాత్రం సగం పనే చేస్తుంది.

యాప్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జర్మనీకి చెందిన టోబియస్ జ్విక్ మొదలుపెట్టిన ఓపెన్‌సోర్స్ ఆండ్రాయిడ్ యాప్ ఇది. డబ్బు అడగదు, ప్రకటనలుండవు, ప్లే స్టోర్‌లోనూ, ఓపెన్‌సోర్స్ యాప్‌ల స్టోరు ఎఫ్-డ్రాయిడ్‌లోనూ దొరుకుతుంది. మ్యాప్‌లో ఏదైనా వివరం లోపించిన చోట ఒక గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ప్రశ్న వస్తుంది, జవాబిస్తే సరైన ట్యాగు, అంటే మ్యాప్‌లో ఆ వివరం రాసే చీటీ, తానే రాసుకుంటుంది. ట్యాగుల పేర్లు మీకు తెలియక్కర్లేదు. జవాబులు పైకి పంపడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఖాతా ఒకటి ఉంటే చాలు.

వేగ పరిమితి ప్రశ్న మొదట కనిపించకపోతే యాప్ పాడైందనుకోకండి. దాన్ని ముందే ఆపేసి ఇస్తారు, సెట్టింగ్స్‌లో ప్రశ్నల ఎంపికలోకి వెళ్లి మనమే తెరవాలి. కారణం న్యాయమైనదే. షాపు పేరో బల్లో అయితే నిలబడ్డ చోటి నుంచే చెప్పేయొచ్చు. "ఇక్కడ స్పీడ్ బోర్డు లేదు" అనాలంటే రోడ్డును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి రావాలి. తెరిచాక కూడా కొన్ని రోడ్లకు ప్రశ్న రాదు. మట్టి రోడ్డు, కంకర రోడ్డు అని మ్యాప్‌లో ముందే రాసి ఉంటే వాటిని అడగదు. ప్రైవేటు దారులనూ అడగదు. తారు పడి ఏళ్లయినా మ్యాప్‌లో ఇంకా మట్టి రోడ్డుగానే ఉన్న దారులు ఈ ఏజెన్సీలో కనిపిస్తాయి. అలాంటి చోట ముందు రోడ్డు ఉపరితలం వివరం సరిచేస్తేనే వేగం ప్రశ్న బయటికొస్తుంది.

ఇంకో జాగ్రత్త. మొహనా వైపు కొండల్లో సిగ్నల్ మీద ఆధారపడకూడదు. బయల్దేరే ముందు ఇంట్లో వై-ఫై మీద మ్యాప్‌ను ఆ ప్రాంతానికి జరిపి డౌన్‌లోడ్ చేసుకోండి. జవాబులు ఫోన్లోనే ఉండి, నెట్ అందినప్పుడు వెళ్తాయి.

ఇక అసలు సంగతి. గుర్తు నొక్కితే యాప్ మొదట అడిగేది బోర్డు ఉందా లేదా అని. ఉందంటే అంకె కొట్టాలి. వింత అంకె కొడితే, ఇది మామూలుగా ఉండేది కాదే, ఖాయమేనా అని ఒకసారి ఆపుతుంది. లేదంటే, రోడ్డంతా చూశారా అని మళ్లీ అడుగుతుంది. ఈ రెండో అడ్డు చాలామందికి విసుగు. కానీ తీసేయకూడనిది అదే. తర్వాత, చాలా రోడ్లకు, ఈ రోడ్డు ఊళ్లోదా ఊరి బయటిదా అంటుంది. మన జవాబును బట్టి రోడ్డుకు మ్యాక్స్‌స్పీడ్:టైప్ అనే ట్యాగు పెట్టి, విలువగా ఐఎన్:అర్బన్ అనో ఐఎన్:రూరల్ అనో రాస్తుంది. అంకె రాయదు. అంటే "ఇక్కడ పరిమితి ఇంత" అనదు, "ఇక్కడ బోర్డు లేదు, ఈ రకం రోడ్డుకు దేశ చట్టం ఏం చెబితే అదే" అంటుంది. దీన్ని చేత్తో రాసేవాళ్లు గమనించాల్సింది: ట్యాగు పేరు, రకం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఉండాలి, దేశం కోడు రెండక్షరాలు మాత్రం పెద్దవి. పెద్దచిన్నలు తారుమారైతే చదివే ప్రోగ్రాములకు అది వేరే మాట.

బోర్డు లేకపోవడం కూడా ఒక సమాచారమే అని గుర్తించడం ఈ యాప్‌లో మెచ్చుకోదగ్గ ఆలోచన. ఖాళీగా ఉన్న రోడ్డుకూ, చూసి వచ్చి లేదని చెప్పిన రోడ్డుకూ తేడా తెలుస్తుంది. మన చట్టానికీ ఇది బాగా అతుకుతుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 112 ప్రకారం కేంద్రం పెట్టిన గరిష్ఠానికి లోబడి రాష్ట్రం ఒక రోడ్డు మీద వేగం తగ్గించాలంటే గెజిట్‌లో నోటిఫై చేయాలి, సెక్షన్ 116 కింద తగిన చోట బోర్డూ నిలబెట్టాలి. కాబట్టి బోర్డు లేదంటే, కేంద్రం చెప్పిన గరిష్ఠమే లెక్క.

చిక్కంతా ఊళ్లోనా బయటా అన్న ప్రశ్న దగ్గరే. యూరప్‌లో చాలా దేశాల్లో ఊరి పేరు బోర్డు దాటగానే పరిమితి 50కి పడిపోతుంది. ఆ ప్రశ్న వాళ్లకు పుట్టింది. మన 2018 నోటిఫికేషన్ రోడ్లను నాలుగు రకాలుగా విడదీసింది: ఎక్స్‌ప్రెస్‌వే, డివైడరుతో నాలుగు వరసలూ అంతకు మించినదీ, మున్సిపల్ హద్దుల్లోది, మిగతావి. కారుకు, అంటే డ్రైవరు కాక ఎనిమిది సీట్లు దాటని బండికి, వరసగా 120, 100, 70, 70. తొమ్మిది సీట్లూ ఆపై బస్సులకు 100, 90, 60, 60. సరుకు బళ్లకు 80, 80, 60, 60. మోటారుసైకిలుకూ అవే అంకెలు, ఎక్స్‌ప్రెస్‌వే మీదికి రానిచ్చే చోట అయితే. ఆటోకు ఎక్స్‌ప్రెస్‌వే లేదు, మిగతా మూడు చోట్లా 50.

చివరి రెండు అంకెలు మళ్లీ చూడండి. ప్రతి బండికీ మున్సిపల్ హద్దుల్లోనూ బయటా ఒకటే. అంటే యాప్ అడిగే ప్రశ్నకు మన దేశంలో ఏ జవాబిచ్చినా పరిమితి మారదు. మారేది డివైడరు, వరసల దగ్గర. ఆ ప్రశ్న మనల్ని అడగదు. బ్రిటన్ రోడ్లకు మాత్రం డివైడరు సంగతి, వీధి దీపాల సంగతి అడుగుతుంది, అక్కడి చట్టం అలా ఉంది కాబట్టి. అంటే యాప్‌కు చేతకాక కాదు, మన పట్టికను అందులో పెట్టలేదు, అంతే.

పోనీ ఊళ్లోనా బయటా అన్నదైనా తేలిగ్గా తేలుతుందా అంటే, అదీ లేదు. మున్సిపల్ హద్దు రోడ్డు మీద కనబడదు. పర్లాకిమిడి మున్సిపాలిటీ, బరంపురం కార్పొరేషన్. కాశీనగర్ లాంటివి ఒడిశాలో నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్లు. "మీ ఊరికి స్వాగతం" ఆర్చి ఎక్కడ కట్టారో హద్దు అక్కడే ఉండాలని లేదు. ఇళ్లు రోడ్డుకు రెండువైపులా వరసగా ఉంటే అర్బన్, పొలాలూ తోటలూ ఉంటే రూరల్ అని పెట్టేయడమే ఆచరణలో జరిగేది. అంకె మారదు గనక ఇక్కడ పొరబాటైనా నష్టం లేదు. దీని మీద గంటలు వాదించుకునే బదులు ఆ శక్తి డివైడరు మీద పెట్టండి.

ఎలాగంటే, అదే యాప్‌లో వరసలు ఎన్ని అనే ప్రశ్న వేరేగా ఉంది. దాన్నీ తెరిచి పెట్టుకోండి. నాలుగు వరసల హైవేను మ్యాప్‌లో రెండు గీతలుగా గీస్తారు, ఒక్కో గీతా వన్‌వే. ఒక్కోదానికి రెండు వరసలు అని జవాబిస్తే, వేగం టైప్‌లో లేని సమాచారం లేన్స్ ట్యాగులోంచి దొరుకుతుంది. ఇంటికెళ్లాక కంప్యూటర్‌లో జోసమ్ అనే మ్యాప్ ఎడిటర్ తెరిచి రెండు గీతలకూ డ్యూయల్_క్యారేజ్‌వే = యెస్ కలిపితే పని పూర్తవుతుంది. ఈ ట్యాగును చూపు ఆనినంత దూరం వేసుకుంటూ పోకూడదు. డివైడరు ఊరి మధ్య అరకిలోమీటరు మాత్రమే ఉంటే, ఆ అరకిలోమీటరుకే. రంగు గీసిన మధ్యగీత డివైడరు కాదు. ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టినంత మాత్రాన డివైడరు అయిపోదు. మధ్యలో కట్ట ఉండాలి.

అంకె కూడా రాయాలా, టైప్ చాలా? ఇక్కడ మ్యాపర్లు రెండుగా చీలతారు. అంకె రాయాలనేవాళ్ల వాదన: చాలా నావిగేషన్ యాప్‌లు మ్యాక్స్‌స్పీడ్ అంకెనే చదువుతాయి, టైప్ ఒక్కటే ఉంటే నోరు మెదపవు. నిజమే. కానీ 2021లో మద్రాసు హైకోర్టు ఈ 2018 నోటిఫికేషన్‌ను కొట్టేసి, తక్కువ అంకెలతో కొత్తది తెమ్మని ఆదేశించింది, కాబట్టి పైన చెప్పిన 2018 అంకెలు స్థిరమైనవి అనుకోకూడదు. రేపు ఎప్పుడైనా అంకెలు మారితే, బోర్డు లేని రోడ్లన్నిటి మీదా 70, 100 అని రాసిపెట్టుకున్నవి ఒక్కొక్కటీ తిరగరాయాలి. అందులో ఏది బోర్డు చూసి రాసిందో, ఏది చట్టం చూసి ఊహించిందో అప్పుడెవరికీ గుర్తుండదు. టైప్ రాసి ఉంటే దేశం మొత్తానికి ఒక పట్టిక మారిస్తే సరిపోతుంది. ట్యాగుల నుంచి చట్టబద్ధమైన వేగాన్ని లెక్కకట్టే ఓపెన్‌సోర్స్ లైబ్రరీ ఇప్పటికే ఉంది, దాన్ని రాసింది కూడా ఈ యాప్ రచయితే. కాబట్టి బోర్డు ఉంటే అంకె, లేకపోతే టైప్ మాత్రమే. ఈ విషయంలో యాప్ పద్ధతే సరైంది.

సరిహద్దు దాటితే కోడు మారుతుందా అని కొందరికి సందేహం. మారదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు పోయి పాతపట్నం ఇటు మిగిలింది. బోర్డు మీద లిపి మారుతుంది, కేంద్ర చట్టం ఒకటే. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొటియా ఊళ్ల మీద రెండు రాష్ట్రాలకూ తగువుంది గానీ, ఆ తగువు ఈ ట్యాగును అంటదు.

బోర్డు ఉందో లేదో తేల్చుకోవడం విన్నంత సులువు కాదు. వేగ పరిమితి బోర్డు గుండ్రం: ఎర్ర అంచు, తెల్ల నేల, నల్ల అంకె. త్రిభుజం హెచ్చరిక మాత్రమే. కోరాపుట్-సాలూరు మధ్య సుంకి ఘాట్ లాంటి చోట మలుపులకు ముందు కనిపించే త్రిభుజాలన్నీ జాగ్రత్త చెప్పేవే, పరిమితి పెట్టేవి కావు. స్పీడ్ బ్రేకరూ అంతే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 99 ప్రమాణంలో హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా ఉండాలి. ఆ 25ను రోడ్డుకు పరిమితిగా ఎక్కించేవాళ్లున్నారు. ఎక్కించకండి. బ్రేకరు ఉన్న చోట గీత మీద ఒక బిందువు పెట్టి ట్రాఫిక్_కామింగ్ ట్యాగు వేస్తే చాలు. మన ఊళ్లల్లో పెళ్లికో జాతరకో రాత్రికి రాత్రి వెలిసే సిమెంటు దిమ్మలకు ఏ ప్రమాణమూ లేదనుకోండి, అవీ బిందువులే.

ఒడియా అంకెలు ఇంకో గొయ్యి. ప్రామాణిక బోర్డుల మీద మనకు అలవాటైన అంకెలే ఉంటాయి. పంచాయతీలూ బడులూ చేత్తో రాయించే బోర్డుల్లో మాత్రం ఒడియా అంకెలు రావచ్చు. ఒడియా నాలుగు మన కంటికి దాదాపు ఇంగ్లిషు ఎనిమిదిలా ఉంటుంది, సున్నా మాత్రం సున్నాలాగే ఉంటుంది. నలభైని ఎనభై అని చదివి ఎక్కించారంటే, బడి ముందు 80 పెట్టినట్టు. యాప్ దీన్ని పట్టుకోలేదు, 80 మామూలు అంకే కదా. ఒడియా చదవడం రాకపోతే ఫొటో తీసి, మ్యాప్ మీద ఆ చోట నోట్ (ఇతర మ్యాపర్లు చూసి తీర్చే వ్యాఖ్య) పెట్టండి.

చేత్తో రాసిన బోర్డులనూ, పోలీసు బారికేడ్ల మీది 20నీ అసలు పరిమితిగా తీసుకోవాలా? బారికేడ్ ఇవాళ ఇక్కడ, రేపు ఇంకో చోట. వద్దు. రోడ్డు పని జరిగే చోట డైవర్షన్ దగ్గర పెట్టే 30 బోర్డూ వద్దు. నెల దాటని ఆంక్షకు చట్టం గెజిట్ నోటిఫికేషన్ కూడా అక్కర్లేదంది, మ్యాప్‌కూ అక్కర్లేదు. గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్ల మొదట్లో పెద్ద పలక ఉంటుంది, రోడ్డు పేరు, పొడవు లాంటివి రాసి. అందులో వేగం ఉండదు. అది చూసి "బోర్డు ఉంది" అనేయకండి.

కష్టమైంది ఇంకోటి: స్తంభం ఉంది, పలక లేదు. ఇనుము కోసం పీకేసినవి, లారీ గుద్దితే వంగి పొదల్లో పడినవి, సినిమా పోస్టరు కింద పోయినవి. వానాకాలం తర్వాత తుప్పలు పెరిగి మూసేసినవీ ఉంటాయి. అలాంటి చోట "బోర్డు లేదు" అని జవాబిస్తే రోడ్డు ఐఎన్:రూరల్ అయిపోతుంది, తర్వాత వచ్చేవాడికి ఆ ప్రశ్న మళ్లీ కనబడదు. జవాబివ్వకుండా, ఖాళీ స్తంభం ఉందని నోట్ పెట్టి వదిలేయడమే మేలు. చలికాలం చివర్లో, ఆకు రాలాక, మళ్లీ ఓసారి చూడొచ్చు.

పరిమితి ఎక్కడ మొదలైందో బోర్డు చెబుతుంది. ఎక్కడ ముగిసిందో చెప్పే బోర్డు, అంటే నల్ల ఏటవాలు పట్టీ ఉన్న తెల్ల గుండ్రం, చాలా చోట్ల పెట్టరు. డివైడరు లేని రోడ్డు మీద ఒక చిట్కా ఉంది: ఊరి ఆ చివర ఎదురుగా వచ్చేవాళ్లకు పెట్టిన బోర్డు వీపు మనకు కనిపిస్తుంది. మన పరిమితి దాదాపు అక్కడితో అయిపోయిందని లెక్క. ఆ రెండు స్తంభాల మధ్య ముక్కకే అంకె రావాలి. మ్యాప్‌లో ఈ కొండదారుల గీతలు కిలోమీటర్ల పొడవున ఒకే ముక్కగా ఉంటాయి, ఊరి బడి ముందు 30ని మొత్తానికి ఎక్కిస్తే ఘాట్ అంతా 30 అయిపోతుంది. యాప్‌లో ఇతర జవాబుల కింద, దారి పొడవునా ఒకేలా లేదు అనే వీలుంది. దాన్ని నొక్కితే కత్తెర వస్తుంది, స్తంభం ఉన్న చోట గీతను తెంపొచ్చు. ఫోన్ తెరమీద వేలితో తెంపేటప్పుడు బాగా దగ్గరికి జూమ్ చేయాలి, లేకపోతే కోత నలభై యాభై మీటర్లు జరిగిపోతుంది. కోశాక ముక్కముక్కకూ మళ్లీ ప్రశ్న వస్తుంది. వంతెనలు వేరే గీతలుగా ఉంటాయి కాబట్టి వాటికీ విడిగా చెప్పాలి. ఇది మరిచిపోయి మధ్యలో వంతెన ముక్క మాత్రం ఖాళీగా మిగిలిన రోడ్లు ఎన్నో.

బోర్డు ఒక దిక్కున మాత్రమే ఉంటే యాప్ చేతులెత్తేస్తుంది. పోయేవైపు ఒక అంకె, వచ్చేవైపు ఇంకోటి తీసుకోదు. దానికి ఫోన్లో వాడే ఎడిటర్ వెస్పూచిలోనో జోసమ్‌లోనో మ్యాక్స్‌స్పీడ్:ఫార్వర్డ్, బ్యాక్‌వర్డ్ వాడాలి. ఫార్వర్డ్ అంటే మీరు పోయిన దిక్కు కాదు, గీత గీసిన దిక్కు. జోసమ్‌లో బాణం గుర్తు చూసి రాయండి.

పదహారో నంబరు మీద ఒకే పలక మీద కారుకు ఇంత, లారీకి ఇంత, బస్సుకు ఇంత అని బొమ్మలతో ఉండే బోర్డులూ యాప్‌కు పట్టవు, అది ఒక్క అంకే తీసుకుంటుంది. కారు అంకె కొట్టి ఊరుకుంటే లారీ నడిపేవాళ్లకు తప్పు చెప్పినట్టే. మ్యాక్స్‌స్పీడ్‌లో కారు అంకె, దాని పక్కన మ్యాక్స్‌స్పీడ్:బస్, మ్యాక్స్‌స్పీడ్:మోటార్‌సైకిల్ వేయాలి. సరుకు బండి దగ్గర ఒక మెలిక. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో హెచ్‌జీవీ అంటే మూడున్నర టన్నులు దాటిన లారీ. మన చట్టంలో సరుకు బండి అంటే చిన్న ట్రాలీ ఆటో సైజు మినీ ట్రక్కు నుంచి మొదలు. కాబట్టి హెచ్‌జీవీతో పాటు గూడ్స్‌కూ అదే అంకె పెట్టాలి. అంకె పక్కన ప్రమాణం రాయక్కర్లేదు, ఉత్త అంకె అంటే గంటకు కిలోమీటర్లే.

హైవే పక్కన సర్వీసు రోడ్డు ఉన్న చోట జీపీఎస్ అటూ ఇటూ ఊగుతుంది. జవాబిచ్చే ముందు తెరమీద రంగు తేలిన గీత ఏదో చూసుకోండి. వెనక్కి వచ్చేటప్పుడు రెండో క్యారేజ్‌వేకూ చెప్పాలి, ఇటు వైపు బోర్డు లేకపోతే అటూ లేదని ఊహించి నొక్కకూడదు. నిలబడ్డ చోటికి దూరంగా ఉన్న ప్రశ్నకు జవాబిస్తే, నిజంగా అక్కడికి వెళ్లి చూశారా అని యాప్ అడుగుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే స్పీడ్ అంకె చూసి ఎక్కించడం లైసెన్సు ప్రకారం తప్పు. జనం తీసి పెట్టే వీధి ఫొటోల సైటు మ్యాపిలరీలోని ఫొటోలు చూసి రాయడానికి అనుమతి ఉంది, తీసిన తేదీ మాత్రం చూసుకోవాలి.

బండి నడుపుతూ ఈ పని కుదరదు. బస్సులో డ్రైవరు పక్క సీటో, బండి వెనక సీటో మంచిది. వేగంగా పోయే కారులో అయితే యాప్ మూసేసి, ఓస్మ్‌అండ్ అనే మ్యాప్ యాప్‌లో దారి రికార్డు చేస్తూ ఆడియో నోట్ ప్లగిన్‌తో "ఇక్కడ నలభై, మొదలు" అని చెప్పుకుంటూ పోయి, ఇంటికొచ్చాక జోసమ్‌లో కూర్చోవడం నయం.

నోట్లు తెలుగులో రాయొచ్చు గానీ, గంజాంలో వాటిని తీర్చేవాళ్లలో ఒడియా మ్యాపర్లూ ఉంటారు. అంకె, బడి పేరో గుడి పేరో ఇంగ్లిషులో కూడా ఒక ముక్క కలపండి. నోట్‌కు జతచేసిన ఫొటో ఆ నోట్ మూసిన కొన్నాళ్లకు చెరిగిపోతుంది, కాబట్టి ముఖ్యమైన సంగతి ఫొటోలోనే వదలకుండా మాటల్లోనూ రాయాలి. తప్పు జవాబు పోయిందనిపిస్తే కంగారు పడక్కర్లేదు. పైకి పంపేశాక కూడా యాప్‌లోనే వెనక్కి తీసుకోవచ్చు, ఆలోపు వేరేవాళ్లు ఆ గీతను ముట్టుకోకపోతే.